విద్యాసంస్థలకు విరాళాలు సేకరించేవారికి ఏ శిక్షణ తగినది: విశాఖపట్నం నుంచి ఒక పోలిక

విశాఖపట్నంలో చదువుల కోసం దానమివ్వడం కొత్త సంగతి కాదు. 1926లో ఆవిర్భవించిన ఆంధ్ర విశ్వవిద్యాలయానికి జయపురం మహారాజా విక్రమదేవ వర్మ ఏటా లక్ష రూపాయల చొప్పున ఇచ్చిన విరాళం తొలినాళ్లలో పెద్ద అండగా నిలిచింది. అక్కడి సైన్స్ కళాశాలకు నేటికీ ఆయన పేరే ఉంది. మిసెస్ ఏవీఎన్ కళాశాల పేరులోనే దాత కుటుంబం కనిపిస్తుంది. ఆ కాలంలో దాత ఒక్కరు, అడిగేవారు సంస్థ అధిపతి స్థాయి పెద్దలు.

ఇప్పుడు దాతలు వేలమంది పూర్వ విద్యార్థులు. అడిగేది తరగతులు చెప్పుకుంటూనే పూర్వ విద్యార్థుల సంఘం సమన్వయకర్తగా అదనపు బాధ్యత మోస్తున్న అధ్యాపకుడో, ఎంబీఏ ముగించి కార్పొరేట్ సంబంధాల విభాగంలో చేరిన యువ అధికారో. ఉన్నత విద్యాసంస్థల నాణ్యతను అంచనా వేసే న్యాక్ మండలి మూల్యాంకనంలో పూర్వ విద్యార్థుల భాగస్వామ్యాన్నీ వనరుల సమీకరణనూ పరిశీలిస్తారు కనుక యాజమాన్యాలు ఈ పనిని ఎవరో ఒకరికి అప్పగిస్తున్నాయి గానీ, నేర్పించే ఏర్పాటు మాత్రం అరుదుగా చేస్తున్నాయి. ఐఐటీ మద్రాసు 2023-24లో 513 కోట్ల రూపాయలు సమీకరించిందనీ, 2024 ఆగస్టులో కృష్ణా చివుకుల ఒక్కరే ఆ సంస్థకు 228 కోట్లు ఇచ్చారనీ పత్రికల్లో చదివిన కార్యదర్శిగారు ‘మనకెందుకు రావు?’ అని అడుగుతారు. ఆ ప్రశ్న ఎదురై, శిక్షణ కోసం వెతుకుతూ, అమెరికా సర్టిఫికెట్టుకూ ఢిల్లీ కోర్సుకూ ఊళ్లోని ఆడిటర్‌గారి సలహాకూ మధ్య ఎటూ తేల్చుకోలేకపోతున్నవారి కోసం ఈ పోలిక.

ఏ ప్రమాణాలతో తూచాలి

అన్నింటికంటే బరువైన ప్రమాణం, రాబోయే రెండేళ్లలో మీ సంస్థకు డబ్బు ఎవరి నుంచి రాబోతోంది అన్నది. దేశంలో ఉన్న పూర్వ విద్యార్థులు, విదేశాల్లో స్థిరపడినవారు, కంపెనీల సామాజిక బాధ్యత (సీఎస్‌ఆర్) నిధులు, ఈ మూడూ సంస్థ లెక్కల్లో ఒకే పద్దు కింద చేరినా, వాటి వెనుక చట్టం వేరు, అడిగే తీరు వేరు, లెక్క చెప్పే తీరు వేరు. గాజువాక, పరవాడ వైపున్న సంస్థకు స్టీల్‌ప్లాంటు, సింహాద్రి ఎన్టీపీసీ, ఫార్మాసిటీ పరిశ్రమలు కూతవేటు దూరంలో ఉంటాయి. కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్ తాము పనిచేసే స్థానిక ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వమని కంపెనీలకు చెబుతుంది కనుక అలాంటి సంస్థ ముందుగా నేర్చుకోవలసింది సీఎస్‌ఆర్ ప్రతిపాదన రాయడం. 1923 నుంచి వైద్యులను తీర్చిదిద్దుతున్న ఆంధ్ర వైద్య కళాశాల వంటి సంస్థకు విదేశాల్లోని పూర్వ విద్యార్థులు పెద్ద బలం కాబట్టి అక్కడ విదేశీ విరాళాల చట్టం తెలియకుండా ఒక్క అడుగు కూడా వేయకూడదు. ఇక నగరంలోని ఉన్నత పాఠశాలకు వచ్చేది ఎక్కువగా పదో తరగతి బ్యాచ్‌ల ఆత్మీయ సమ్మేళనాల నుంచి. అక్కడ కావలసింది వాట్సాప్ గ్రూపులో పుట్టిన ఉత్సాహాన్ని మరుసటి ఏడాదికి కూడా నిలబెట్టే పద్ధతి.

రెండో ప్రమాణం, ఆ శిక్షణ మన చట్టాన్ని నేర్పుతుందా అన్నది. దీనిని చాలామంది ఆడిటర్ పని అనుకుని వదిలేస్తారు. దాతతో మాట్లాడేవారికే ఇది తెలియాలని నా అభిప్రాయం, ఎందుకంటే దాత ప్రశ్న వేసేది ఆడిటర్‌ను కాదు. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలో విరాళమిచ్చినవారికి దక్కే 80జీ మినహాయింపు కోసం రెండు వేల రూపాయలకు మించిన నగదు విరాళం పనికిరాదనీ, కొత్త పన్ను విధానం ఎంచుకున్న ఉద్యోగికి ఆ మినహాయింపు వర్తించదనీ తెలియని సమన్వయకర్త ‘పన్ను కలిసి వస్తుంది సార్’ అని చెప్పి తరువాత మాట పోగొట్టుకుంటాడు. ఆర్థిక సంవత్సరం ముగిశాక మే 31 లోగా దాతల వివరాలతో ఆదాయపు పన్ను శాఖకు 10బీడీ ఫారం దాఖలు చేసి, ఒక్కొక్కరికీ 10బీఈ ధ్రువపత్రం ఇవ్వాలన్న నియమం, ఆలస్యానికి రోజుకు 200 రూపాయల రుసుము, ఇవన్నీ 2021-22 నుంచి అమలైన పద్ధతిలోని భాగాలు. కొత్త ఆదాయపు పన్ను చట్టం అమలుకు 2026 ఏప్రిల్ 1 తేదీగా నిర్ణయించారు కనుక పాత సెక్షన్ల సంఖ్యలతోనే పాఠం చెప్పే కోర్సులో చేరేముందు పాఠ్యాంశాన్ని ఎప్పుడు సవరించారో అడగాలి.

విదేశీ విరాళాల సంగతి ఇంకా సున్నితమైనది. న్యూజెర్సీలో ఉంటూ భారత పాస్‌పోర్టు కలిగిన పూర్వ విద్యార్థి తన సొంత సంపాదన నుంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం కాదు. అదే బ్యాచ్‌లో చదివి అమెరికా పౌరసత్వం తీసుకున్న మిత్రుడు పంపితే, విదేశీ పౌరసత్వమున్న భారత మూలాలవారికి ఇచ్చే ఓసీఐ కార్డు అతనికి ఉన్నా సరే, విదేశీ విరాళమే. రెండోదానికి విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద నమోదు లేదా ముందస్తు అనుమతి ఉండాలి. 2020 సవరణ తరువాత ఆ సొమ్ము మొదట న్యూఢిల్లీలోని స్టేట్‌బ్యాంకు ప్రధాన శాఖ ఖాతాలోనే పడాలి, పరిపాలన ఖర్చులు 20 శాతం దాటకూడదు, ఆ నిధిని మరో సంస్థకు మళ్లించకూడదు. పక్కపక్కన కూర్చుని చదివిన ఇద్దరు మిత్రుల విరాళాలు రెండు వేర్వేరు దారుల్లో రావలసి ఉంటుందని నేర్పని శిక్షణ, ఎంత పేరున్నదైనా, మన సంస్థలకు సగం శిక్షణే.

మూడోది అభ్యాసం. మీరు రాసిన విజ్ఞాపన లేఖను ఎవరైనా చదివి ఎర్ర గీతలు పెడతారా? దాతతో మాట్లాడే సన్నివేశాన్ని మీచేత చేయించి, ఎక్కడ నసిగారో చెబుతారా? మన ఊళ్లలో పెద్దవారిని డబ్బు అడగడానికి సంకోచం సహజం. ఉపన్యాసాలు విన్నంత మాత్రాన అది పోదు.

నాలుగోదాన్ని దాదాపు ఎవరూ పట్టించుకోరు: శిక్షణ పొందిన వ్యక్తి బదిలీ అయినా, ఉద్యోగం మారినా సంస్థలో ఏమి మిగులుతుంది? సమన్వయకర్త బాధ్యత రెండు మూడేళ్లకొకసారి చేతులు మారే కళాశాలల్లో వ్యక్తి గోడకు తగిలించుకునే సర్టిఫికెట్టు కంటే, దాతల రిజిస్టరు, రసీదు పద్ధతి, లేఖల నమూనాలు ఎక్కువ విలువైనవి. ఖర్చు, సెలవు, పేరు ప్రతిష్ఠలు ఆ తరువాతే చూడాలి.

మొదటి మార్గం: విశాఖలోనే నేర్చుకోవడం

ఇది కోర్సు కాదు కాబట్టి ఎవరూ ప్రకటన ఇవ్వరు. అందుకే చాలామందికి ఇది ఒక మార్గంగా కనిపించదు. ధర్మసంస్థల లెక్కలు చూసే చార్టర్డ్ అకౌంటెంటును పిలిపించి రెండు పూటలు సంస్థ సొంత కాగితాల మీదే 12ఏబీ (ధర్మసంస్థగా పన్ను మినహాయింపు కోసం నమోదు), 80జీ, ఎఫ్‌సీఆర్‌ఏ పాఠం చెప్పించుకోవడం ఇందులో మొదటి భాగం. ఏదైనా కంపెనీ సీఎస్‌ఆర్ విభాగంలో పనిచేస్తున్న లేదా పదవీ విరమణ చేసిన పూర్వ విద్యార్థి చేత మీ ప్రతిపాదనను చదివించి, తిరస్కరించడానికి కారణాలు వెతకమని కోరడం రెండో భాగం. హెచ్‌పీసీఎల్, పోర్టు, స్టీల్‌ప్లాంటు, షిప్‌యార్డు ఉన్న నగరంలో అలాంటి ఒక్క మనిషైనా దొరకని కళాశాల ఉండదు. మూడో భాగం, నాలుగైదు సంస్థల సమన్వయకర్తలు రెండు నెలలకోసారి కలిసి మాట్లాడుకోవడం.

ఈ మూడో భాగంలో ఒక చిక్కు ఉంది. అడ్మిషన్ల కోసం పోటీపడే ఇంజినీరింగ్ కళాశాలలు ఒకరి ఎదుట ఒకరు నోరు విప్పవు. అందువల్ల పద్ధతులు పంచుకోవాలి, దాతల పేర్లు పంచుకోకూడదు అన్న నియమం మొదటి రోజే పెట్టుకోవాలి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం దృష్ట్యా కూడా పూర్వ విద్యార్థుల ఫోన్ నంబర్ల జాబితాలను చేతులు మార్చడం తగదు. పాఠశాలలు, డిగ్రీ కళాశాలలు, వైద్య కళాశాల, విశ్వవిద్యాలయ విభాగం వంటి వేర్వేరు తరగతుల సంస్థలు కలిస్తే ఈ పోటీ భయం తగ్గుతుంది.

ఈ మార్గానికి ఖర్చు అతి తక్కువ, చట్టం విషయంలో ఇంతకు మించినది లేదు, మిగిలేదంతా సంస్థలోనే మిగులుతుంది. లోపం ఏమిటంటే, పెద్ద విరాళం అడగడం ఎలాగో ఇక్కడ ఎవరూ క్రమపద్ధతిలో నేర్పరు. అందరూ ఇప్పటికే చేస్తున్నదాన్నే ఒకరికొకరు చెప్పుకునే ప్రమాదం ఉంది: సావనీరు, ప్రకటనలు, ముఖ్య అతిథికి శాలువా, మళ్లీ సావనీరు.

రెండో మార్గం: జాతీయ స్థాయి కోర్సులు

వీటిలో రెండు రకాలను వేరు చేసి చూడాలి. కార్పొరేట్ వ్యవహారాల మంత్రిత్వశాఖ పరిధిలోని మానేసర్ సంస్థ ఐఐసీఏ సీఎస్‌ఆర్ మీద సర్టిఫికెట్ కార్యక్రమం నిర్వహిస్తూ వచ్చింది. అది ప్రధానంగా కంపెనీ వైపు నుంచి చూసే శిక్షణ. నికర విలువ 500 కోట్లు, లేదా టర్నోవరు 1000 కోట్లు, లేదా నికర లాభం 5 కోట్లు చేరిన లేదా దాటిన కంపెనీ గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం వెచ్చించాలన్న నియమం ఎలా అమలవుతుందో, సీఎస్‌ఆర్-1 నమోదు (కంపెనీల నిధితో పనులు చేపట్టే సంస్థగా మంత్రిత్వశాఖ వద్ద చేసుకునేది) లేని సంస్థకు కంపెనీ ఎందుకు నిధి ఇవ్వలేదో, కేవలం తమ ఉద్యోగుల పిల్లలకు ఉపయోగపడే పనిని సీఎస్‌ఆర్‌గా ఎందుకు చూపకూడదో తెలిస్తే, ప్రతిపాదన అవతలి బల్ల దగ్గర కూర్చున్నవారి భాషలో తయారవుతుంది. డబ్బు అడిగేవాడు ఇచ్చేవాడి కోర్సు చదవడం వింతగా అనిపించవచ్చు గానీ, పరిశ్రమల నడుమ ఉన్న సంస్థకు ఇంతకంటే పనికివచ్చే చదువు లేదు.

రెండో రకం, ఐఎల్‌ఎస్‌ఎస్ వంటి సంస్థలు స్వచ్ఛంద రంగంలోని నిధుల సేకర్తల కోసం నడిపే కార్యక్రమాలు. వీటి బలం తోటి విద్యార్థులు, మన దేశపు దాతల మనస్తత్వం, అభ్యాసం. బలహీనత ఏమిటంటే, అక్కడి ఉదాహరణలు ఎక్కువగా స్వచ్ఛంద సంస్థలవి. పూర్వ విద్యార్థి అనే సహజ దాత వారికి లేడు. మీకున్న ఆ గొప్ప ఆస్తి గురించి తక్కువ వింటారు, కొత్త దాతను వెతకడం గురించి ఎక్కువ వింటారు. తరగతుల భాష ఇంగ్లీషే. అధ్యాపకుడికి సెమిస్టరు మధ్యలో సమయం దొరకడం కష్టం కనుక చేరేముందే తరగతుల వేళలు చూసుకోవాలి.

మూడో మార్గం: విదేశీ ఆన్‌లైన్ కోర్సులు

కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం, డేవిస్ కోర్సెరా వేదిక మీద నిధుల సేకరణపై పెట్టిన పాఠాలు, ఇండియానా విశ్వవిద్యాలయంలోని ఫండ్ రైజింగ్ స్కూల్ కోర్సులు ఈ కోవలోనివి. రెండోదానికి చరిత్ర ఉంది: హెన్రీ రోసో 1974లో స్థాపించిన ఆ బడి 1987లో ఇండియానా విశ్వవిద్యాలయానికి చేరింది. దాతను గుర్తించడం, పరిచయం పెంచుకోవడం, అడగడం, కృతజ్ఞత తెలపడం, వినియోగం చెప్పడం అన్న వరుస క్రమాన్ని ఇంత శాస్త్రీయంగా నేర్పే పాఠాలు మన దగ్గర తక్కువ.

అయితే ఏది తీసుకోవాలో, ఏది వదలాలో తెలిసి చదవాలి. వీలునామా ద్వారా ఇచ్చే విరాళాల పాఠంలో అమెరికన్ దాతకు వారసత్వపు పన్ను ఒక ప్రేరణగా కనిపిస్తుంది. మన దేశంలో ఎస్టేట్ డ్యూటీ 1985లోనే రద్దయింది కనుక ఆ వాదన ఇక్కడ పనిచేయదు. పదవీ విరమణ చేసిన, పిల్లలు విదేశాల్లో స్థిరపడిన ఆచార్యుడు తన పేరిట గానీ తల్లిదండ్రుల పేరిట గానీ శాశ్వత నిధి పెట్టాలనుకోవడం మాత్రం మన దగ్గరా ఉంది, దాని ప్రేరణ పన్ను కాదు, పేరు నిలవాలన్న కోరిక. ఉద్యోగి ఇచ్చినంత కంపెనీ కూడా జతచేసే అమెరికా పద్ధతి సాధారణంగా అక్కడి నమోదిత ధర్మసంస్థ ద్వారానే సాధ్యం. అక్కడి పూర్వ విద్యార్థులు అలాంటి సంస్థ పెట్టుకుని మీకు పంపితే అది మళ్లీ ఎఫ్‌సీఆర్‌ఏ దారిలోనే రావాలి. ఈ తేడాలు కోర్సు చెప్పదు, మీరే పట్టుకోవాలి. ఖర్చు కోర్సును బట్టి తక్కువ నుంచి ఎక్కువ వరకు ఉంటుంది, రాత్రి పూట చదువుకోవచ్చు. కానీ మధ్యలో వదిలేయడం కూడా అంతే తేలిక.

నాలుగో మార్గం: కేస్ సభ్యత్వం

1974లో రెండు అమెరికన్ సంఘాల కలయికతో ఏర్పడిన కేస్, విద్యాసంస్థల పూర్వ విద్యార్థి సంబంధాలు, నిధుల సేకరణ, ప్రచార విభాగాలకే అంకితమైన అంతర్జాతీయ సంఘం. ప్రధాన కార్యాలయం వాషింగ్టన్, ఆసియా పసిఫిక్ వ్యవహారాలకు కేంద్రం సింగపూర్. ఈ పోలికలో పూర్తిగా విద్యాసంస్థల కోసమే ఉన్నది ఇదొక్కటే. సభ్యత్వం ప్రధానంగా సంస్థ పేరిట ఉంటుంది గనుక ఒకరు వెళ్లిపోయినా మరొకరు వాడుకోవచ్చు. సంస్థలో మిగిలేది ఏమిటన్న ప్రమాణానికి ఇది బాగా నిలుస్తుంది. కానీ దాని సమావేశాలు, గణాంకాల పోలికలు, విరాళాల లెక్కింపు ప్రమాణాలు ఉపయోగపడాలంటే ఆ విభాగంలో పూర్తికాలపు సిబ్బంది ముగ్గురు నలుగురైనా ఉండాలి. ఒక్క సమన్వయకర్త మాత్రమే ఉన్న కళాశాల ఇందులో చేరితే ఏటా రుసుము కట్టడమే మిగులుతుంది.

ఐదో మార్గం: సీఎఫ్‌ఆర్‌ఈ

ఇది కోర్సు కాదు, నిధుల సేకర్తల అనుభవానికి ఇచ్చే అంతర్జాతీయ ధ్రువీకరణ (సర్టిఫైడ్ ఫండ్ రైజింగ్ ఎగ్జిక్యూటివ్). గత ఐదేళ్లలో కనీసం 36 నెలల వృత్తి అనుభవం, 80 పాయింట్ల విద్యాభ్యాసం, సేకరించిన నిధుల ఆధారం చూపితే తప్ప పరీక్షకు అర్హత రాదు. పరీక్ష 200 బహుళైచ్ఛిక ప్రశ్నలతో ఉంటుంది, మూడేళ్లకోసారి పునరుద్ధరించుకోవాలి. కొత్తగా చేరినవారు దీని గురించి ఇప్పుడు ఆలోచించనవసరం లేదు. విశాఖలో ఒక కంపెనీ సీఎస్‌ఆర్ అధికారికి గానీ, పూర్వ విద్యార్థికి గానీ ఈ అక్షరాలు చూసి నమ్మకం పెరగదని నా అంచనా. రేపు బెంగళూరు, సింగపూర్ విశ్వవిద్యాలయాల్లో ఉద్యోగం చూసుకునేవారికి మాత్రం విలువ ఉంటుంది. అందువల్ల దీని ఖర్చు సంస్థ భరించాలా, వ్యక్తి భరించాలా అన్న ప్రశ్నకు నా జవాబు, ప్రధానంగా వ్యక్తే.

సీఎఫ్‌ఆర్‌ఈ నుంచి అందరూ తీసుకోదగినది ఒకటుంది: నీతి నియమాలు. తెచ్చిన నిధిలో శాతం చొప్పున కమీషను తీసుకోరాదని అమెరికాలోని నిధుల సేకర్తల సంఘం ఏఎఫ్‌పీ నియమావళి స్పష్టంగా చెబుతుంది. ‘పది శాతం ఇస్తే సీఎస్‌ఆర్ నిధి ఇప్పిస్తాం’ అని వచ్చే మధ్యవర్తిని గుమ్మంలోనే ఆపడానికి ఏ సర్టిఫికెట్టూ అక్కర్లేదు గానీ, ఆ నియమం సంస్థ తీర్మానంగా కాగితం మీద ఉంటే కొత్త ఉద్యోగికి ధైర్యం ఉంటుంది.

| మార్గం | ఎవరి విరాళానికి తగినది | మన చట్టం | అభ్యాసం | ఖర్చు | సంస్థలో మిగిలేది |
|---|---|---|---|---|---|
| విశాఖలోనే | స్థానిక పూర్వ విద్యార్థులు, కంపెనీలు | చాలా బాగా | మార్గదర్శిని బట్టి | అతి తక్కువ | చాలా ఎక్కువ |
| ఐఐసీఏ తరహా | సీఎస్‌ఆర్ | కంపెనీల చట్టం వరకు బాగా | తక్కువ | మధ్యస్థం | కొంత |
| ఐఎల్‌ఎస్‌ఎస్ తరహా | పెద్ద వ్యక్తిగత దాతలు, ఫౌండేషన్లు | కొంత | ఎక్కువ | మధ్యస్థం | వ్యక్తితో పోతుంది |
| విదేశీ ఆన్‌లైన్ | విదేశాల్లోని పూర్వ విద్యార్థులు | లేదు | తక్కువ | తక్కువ నుంచి ఎక్కువ | తక్కువ |
| కేస్ | పూర్వ విద్యార్థులు, పెద్ద విరాళాలు | లేదు | సమావేశాల్లో | ఎక్కువ | ఎక్కువ |
| సీఎఫ్‌ఆర్‌ఈ | ఏ ఒక్కరికీ ప్రత్యేకం కాదు | లేదు | అనుభవమే ఆధారం | ఎక్కువ | లేదు |

ఎవరికి ఏది

పాఠశాలలో గానీ, చిన్న డిగ్రీ కళాశాలలో గానీ అదనపు బాధ్యతగా ఈ పని చేస్తున్న ఉపాధ్యాయులు మొదటి మార్గం దాటి వెళ్లనవసరం లేదు. మీ దాత వెయ్యి, అయిదువేలు ఇచ్చే పాత విద్యార్థి. ఆయన రెండోసారి ఇస్తాడా లేదా అన్నది రసీదు వారంలో అందిందా, తానిచ్చిన బెంచీల ఫొటో తనకు చేరిందా అన్నదాని మీద ఆధారపడుతుంది. ప్రభుత్వ పాఠశాల అయితే పాఠశాలలను దాతలతో, స్వచ్ఛంద సేవకులతో కలిపే కేంద్ర విద్యాశాఖ విద్యాంజలి పోర్టల్ వాడకం నేర్చుకోవడం కూడా ఇందులోకే వస్తుంది.

ప్రైవేటు ఇంజినీరింగ్ కళాశాలల్లో రెండు మూడేళ్ల అనుభవమున్న అధికారులకే అసలైన సందిగ్ధం. వయసు చిన్నది, ఉద్యోగం మారే ఆలోచన ఉంటుంది, పేరున్న సర్టిఫికెట్టు ఆకర్షిస్తుంది. నా సలహా: మొదటి ఏడాది చట్టం స్థానికంగా నేర్చుకుని, డబ్బు కంపెనీల నుంచి వస్తున్నట్లయితే సీఎస్‌ఆర్ కోర్సు, పూర్వ విద్యార్థుల నుంచి వస్తున్నట్లయితే అభ్యాసం ఎక్కువున్న జాతీయ కార్యక్రమం ఎంచుకోండి. రెండూ ఒకే ఏడాది పెట్టుకోవద్దు. ఆ కోర్సుల గంటలు లెక్కరాసి ఉంచుకుంటే, తరువాత సీఎఫ్‌ఆర్‌ఈ వైపు వెళ్లాలనుకున్నప్పుడు ఆధారాలు వెతుక్కోనక్కర్లేదు.

విశ్వవిద్యాలయ స్థాయి సంచాలకులు తమ కోసం కాక విభాగం కోసం కొనాలి. సిబ్బంది సరిపడా ఉంటే కేస్. లేకపోతే ఆ సొమ్ముతో దాతల వివరాలు చూసుకునే ఒక పూర్తికాలపు ఉద్యోగిని నియమించడం మెరుగు. శతాబ్ది, స్వర్ణోత్సవాల పేరిట పెద్ద నిధి తలపెట్టినవారు ఒక్క సంవత్సరం ముందుగానే ఈ నిర్ణయం తీసుకోవాలి, ఎందుకంటే ఉత్సవ కమిటీలు వేశాక ఎవరికీ చదువుకునే తీరిక ఉండదు.

యాజమాన్యం డబ్బు కట్టే ఏ శిక్షణకైనా వెళ్లేముందు రెండు విషయాలు కాగితం మీద రాయించుకోవాలి. తిరిగి వచ్చాక ఎన్నాళ్లు ఈ బాధ్యతలోనే కొనసాగిస్తారు, వారానికి ఎన్ని బోధన గంటలు తగ్గిస్తారు అన్నవి. రెండోది లేకుండా మొదటిది మాత్రమే ఉంటే ఆ శిక్షణకు పోకపోవడమే మంచిది. ఇక నెలల సంగతి: జూన్, జులై అడ్మిషన్లతో పోతాయి, డిసెంబరు, జనవరిలో విదేశాల నుంచి పూర్వ విద్యార్థులు సెలవులకూ సంక్రాంతికీ ఊరికి వస్తారు గనుక అప్పుడు తరగతి గదిలో కూర్చుంటే ఏడాది మొత్తానికి దొరికే ముఖాముఖి అవకాశం చేజారుతుంది, ఫిబ్రవరి, మార్చి కంపెనీల ఆర్థిక సంవత్సరాంతపు హడావుడి. దసరా సెలవులు మినహాయించుకుని ఆగస్టు నుంచి నవంబరు మధ్య ముగిసే కోర్సునే చూడాలి, అక్కడ నేర్చుకున్నది డిసెంబరులో వచ్చే మొదటి దాత దగ్గరే పరీక్షించుకోవచ్చు.